మూడింటికి మెలకువ ఎందుకొస్తోందంటే: పిన్ని ఉత్తరం

విజయనగరం

అమ్మడూ,

నీ మెసేజ్ చదివాను. శుక్రవారం రాత్రుళ్లు ఇద్దరూ కలిసి తాగుతున్నామని చెప్పడానికి బాగా జంకినట్టున్నావు. నైట్ డ్యూటీలు చేసి రిటైరైన నర్సుకి ఇదేమీ వింత కాదులే. మీ అమ్మకి చెప్పను. ఇద్దరూ ఒకే కొలత తాగి ఒకే టైముకి పడుకుంటే అల్లుడు తెల్లారేదాకా గురక పెడుతున్నాడు, నీకు మాత్రం మూడింటికి మెలకువ వచ్చి గుండె దడదడలాడుతోంది, ఎందుకని అడిగావు. తాగొద్దని ఒక్క ముక్క రాసి ఊరుకోవచ్చు. నా మనసులో ఉన్నదీ అదే. కానీ అలా రాస్తే ఇంకోసారి నన్నేమీ అడగవు.

ముందు లెక్క చూడు. విస్కీ, బ్రాందీ సీసాల మీద 42.8 శాతం అని ఉంటుంది. 30 మిల్లీలీటర్ల చిన్న పెగ్గులో సుమారు 10 గ్రాముల ఆల్కహాల్ ఉన్నట్టు. మనిషి లివరు గంటకి 7 నుంచి 10 గ్రాములు మాత్రమే కరిగిస్తుంది. అంటే నైంటీ (90 మిల్లీలీటర్లు) తాగితే మూడు నాలుగు గంటలు, క్వార్టర్ (180) అయితే ఆరు నుంచి ఎనిమిది గంటలు. 8 శాతం స్ట్రాంగ్ బీరు పెద్ద సీసా (650) ఒకటి లాగిస్తే క్వార్టర్లో మూడింట రెండు వంతులు తాగినట్టే. 'బీరే కదా' అనేవాళ్లు ఈ లెక్క వెయ్యరు. నిమ్మరసం, మజ్జిగ, కాఫీ, చన్నీళ్ల స్నానం, ఇవేవీ లివర్ని తొందరపెట్టలేవు.

మందు మెదడుని మత్తులోకి దింపుతుంది కాబట్టి పడుకోగానే నిద్ర పట్టేస్తుంది, మొదటి రెండు మూడు గంటలు మొద్దు నిద్రే. కలలొచ్చే నిద్ర మాత్రం రాత్రి మొదటి సగంలో బాగా తగ్గిపోతుంది. లివరు తన పని ముగిస్తున్నకొద్దీ మత్తు దిగుతుంది, అంతసేపూ అణిగి ఉన్న మెదడు ఒక్కసారిగా ఎగదన్నుతుంది. నీ దడ, చెమట, పిచ్చి కలలు, అటూ ఇటూ దొర్లడం అన్నీ అప్పటివే. పైగా నీళ్లని ఒంట్లో పట్టి ఉంచే హార్మోన్‌ని ఆల్కహాల్ తగ్గిస్తుంది, అందుకే బాత్‌రూమ్‌కి లేవడం, నోరు పిడచకట్టడం. పన్నెండింటికి పడుకున్నదానివి, మూడింటికి లేవక ఎప్పుడు లేస్తావు!

ఇక నీకే ఎందుకు ఎక్కువగా తగులుతోందంటే, ఆల్కహాల్ ఒంట్లోని నీటిలో కలుస్తుంది. మగవాళ్ల ఒంట్లో నీరు బరువులో సుమారు 60 శాతం, ఆడవాళ్లకి 50 శాతం దగ్గర్లో ఉంటుంది. పైగా నువ్వు 55 కిలోలు, అతను 75. అదే నైంటీ ఇద్దరూ తాగితే నీ రక్తంలో చేరేది అతనికన్నా ఒకటిన్నర రెట్లు దాటుతుంది. మందుని కొంత కడుపులోనే విరిచే ఎంజైమ్ కూడా ఆడవాళ్లలో తక్కువని 1990లోనే ఒక పరిశోధనలో తేల్చారు. సరే, ఆడవాళ్లకి తక్కువ పోసి ఇద్దరి మత్తూ సమానం చేస్తే? అదీ చేసి చూశారు. 2011లో అమెరికాలో అచ్చైన ఒక పరిశోధనలో, ఊపిరిలో ఆల్కహాల్ ఇద్దరికీ ఇంచుమించు ఒకే మోతాదుకి వచ్చేలా 93 మంది ఆరోగ్యవంతులైన కుర్రవాళ్లకి, అమ్మాయిలకి తాగించి రాత్రంతా నిద్రని కొలిచారు. అమ్మాయిలకి మందు కలపని ఉత్త డ్రింకు తాగిన రాత్రికన్నా నిద్ర సుమారు 19 నిమిషాలు తగ్గింది, మధ్యలో మెలకువలు పెరిగాయి. అబ్బాయిల్లో అంత తేడా లేదు. ఒంటి కండతో పోల్చి చూస్తే ఆడవాళ్ల లివరు పెద్దది, అందుకని మందు తొందరగా దిగి, ఆ ఎదురుదెబ్బ రాత్రి మధ్యలోనే తగులుతుందని ఒక వివరణ. ఎక్కడం ఎక్కువ, దిగడం తొందర. కాబట్టి అతను ఎంత పోసుకుంటే నువ్వూ అంత పోసుకోవడంలో సమానత్వం ఏమీ లేదమ్మా.

అలాగని అల్లుడు హాయిగా నిద్రపోతున్నాడని అనుకోకు. మందు గొంతులోని కండరాలని వదులు చేసేస్తుంది, గాలి దారి ఇరుకవుతుంది. మామూలుగా గురక లేనివాళ్లకి కూడా ఆ రాత్రి రావచ్చు. అసలే పొట్ట, లావు మెడ ఉన్న మగవాళ్లకి ఊపిరి మధ్యమధ్యలో ఆగిపోవచ్చు కూడా. ఎలాగూ మూడింటికి లేచి ఉంటున్నావు కదా, ఒకసారి చెవి పెట్టి విను. గురక ఉన్నట్టుండి ఆగి, కాసేపటికి ఉలిక్కిపడినట్టు గాలి పీల్చుకుంటున్నాడా? అయితే తాగని రాత్రి కూడా గమనించు. అప్పుడూ అలాగే ఉంటే స్లీప్ స్టడీ, అంటే నిద్రలో ఊపిరి ఎలా ఉందో చూసే పరీక్ష, చేయించాల్సిందే. మీరు వైజాగ్‌లోనే ఉన్నారు, ఊపిరితిత్తుల డాక్టర్ దగ్గరికి వెళ్తే ఏర్పాటు చేస్తారు. అంతవరకూ వెల్లకిలా పడుకోనివ్వకు, పక్కకి తిప్పు. తెల్లారి తలనొప్పి, పగలంతా తూగు ఉంటే 'రాత్రి ఎక్కువైంది' అని నవ్వేసి ఊరుకోవద్దు.

మానరని తెలుసు కాబట్టి, తాగేవాళ్లు కనీసం ఎలా తాగాలో రాస్తాను. సాయంత్రమే మొదలుపెట్టి, పడుకునే టైముకి మూడు నాలుగు గంటల ముందే గ్లాసు కడిగెయ్యండి. నీకు 30తో చాలు, మహా అయితే 60. సీతంపేట కొండల్లో క్యాంపులకి వెళ్లినప్పుడు చూసేదాన్ని, అక్కడ ఆడా మగా జీలుగు కల్లు పొద్దుండగానే తాగేవాళ్లు. అదేదో ఆరోగ్యమని అనడం లేదు, ఒక్క వేళ మాత్రమే చెబుతున్నాను. మీ పార్టీలు పదింటికి మొదలై పన్నెండింటికి అయితే నిద్రకి మిగిలేదేముంది? ఖాళీ కడుపుతో వద్దు, అన్నమో చపాతీయో ముందే తినండి. స్టఫ్ పేరుతో వేయించిన కారం చేపలు తిని వెంటనే నడుం వాలిస్తే మంట గొంతులోకి తన్నుకొస్తుంది, అదీ నిద్ర చెడగొట్టేదే.

శనివారం తెల్లవారుజామున కారులో మా ఇంటికి బయల్దేరతారే, అది నాకు అసలు నచ్చదు. పన్నెండింటిదాకా క్వార్టర్ తాగినవాడి రక్తంలో అయిదింటికి ఇంకా మందు ఉండొచ్చు. మోటారు చట్టం ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటకూడదు. ఆనందపురం దగ్గర పోలీసులు పట్టుకోవడం సంగతి అలా ఉంచు, నిద్ర చాలని కళ్లతో ఆ లారీల మధ్య నడపడం ఏమిటి? మధ్యాహ్నం బయల్దేరండి, భోజనం ఉంచుతాను.

మూడింటికి మెలకువ వస్తే మళ్లీ కొంచెం పోసుకోవడం, నిద్రమాత్ర వేసుకోవడం రెండూ చెయ్యకు. మాత్ర విషయం గట్టిగా చెబుతున్నాను: అల్ప్రాజోలం లాంటివి మందుతో కలిస్తే ఊపిరి తియ్యడమే మందగిస్తుంది. మెడికల్ షాపువాడు ఇచ్చాడని, ఆఫీసు ఫ్రెండ్ వాడుతుందని తెచ్చుకోకు. నీళ్లు తాగి, ఫోను పక్క గదిలో పెట్టి, లైటు వెయ్యకుండా కాసేపు కూర్చో.

పిల్లల కోసం ప్రయత్నిస్తున్నామని పోయిన పండక్కి అన్నావు. అయితే నువ్వు పూర్తిగా ఆపెయ్యాలి. ఇందులో 30, 60 బేరాలు లేవు.

ఒకసారి ఇద్దరూ రెండు వారాలు ముట్టకుండా ఉండి చూడండి. మొదటి రాత్రుళ్లు కలలు విపరీతంగా రావచ్చు, ఇన్నాళ్లూ అణిచిన నిద్ర అలా తిరిగొస్తుంది. తర్వాత పొద్దున్న లేచినప్పుడు ఎలా ఉందో మీకే తెలుస్తుంది.

చివరగా చీపురుపల్లిలో ఉన్న మీ మావగారి సంగతి. 'మందు పడకపోతే నిద్ర పట్టదు' అని ఆయన రోజూ తాగుతున్నారని రాశావు. అలవాటు పడ్డ ఒంటికి కొన్నాళ్లకే ఆ మత్తు చాలదు, మోతాదు పెంచాలి. మానితే నిద్ర ఇంకా చెడుతుంది, అందుకని మళ్లీ తాగుతారు. కోపంతో సీసాలు దాచెయ్యమని మాత్రం అల్లుడికి చెప్పకు. ఏళ్ల తరబడి రోజూ తాగేవాళ్లు ఒక్కసారిగా ఆపితే చేతుల వణుకు, చెమటలతో మొదలై, రెండు మూడు రోజుల్లో ఫిట్స్, మతిభ్రమ దాకా పోవచ్చు, ప్రాణం మీదికి వస్తుంది. డాక్టర్ చూస్తుండగా, మందులిచ్చి, బి1 విటమిన్ ఎక్కించి మాన్పించాలి. మానసిక సమస్యలకి ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబరు 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు తీసుకోరు. ఆయన్ని ఇక్కడి పెద్దాసుపత్రికి తీసుకురావడానికి ఒప్పించండి. మంగళవారం నాకు పైడితల్లమ్మ గుడి ఉంది, మిగతా ఏ రోజైనా పొద్దున్నే ఓపీకి నేను వెంట వస్తాను.

మీ పిన్ని