అమ్మలూ, మౌస్‌తో లాగుడు తగ్గించు

చిరంజీవి అమ్మలుకు,

మామయ్య ఆశీస్సులు. అకౌంట్స్ సెక్షన్‌లో చేరావని అమ్మ చెప్పింది, చాలా సంతోషం. సాయంత్రానికి మణికట్టు లాగేస్తోందని, అయినా పని తెమలడం లేదని కూడా చెప్పింది. ఇన్నేళ్లుగా ఈ పనిలోనే ఉన్నాను కాబట్టి చెబుతున్నా, మన టైమ్ చాలావరకు మౌస్ నొక్కిపట్టి కిందికీ పైకీ లాగడంలోనే పోతుంది. ముందు అది తగ్గించుకో.

ఎక్సెల్‌తో మొదలుపెట్టు. నీకు వెయ్యి బిల్లుల షీట్ ఇచ్చారనుకో. సి కాలమ్‌లో బిల్లు మొత్తం ఉంది, డిలో 18 శాతం జీఎస్టీ రావాలి. మొదటి వరుసలో ఫార్ములా వేశాక దాన్ని చివరిదాకా లాక్కుంటూ పోవద్దు. ఆ సెల్ కుడివైపు కింది మూలలో చిన్న చదరం ఉంటుంది. దాని మీదికి వెళ్తే బాణం సన్నని నల్లటి ప్లస్ గుర్తుగా మారుతుంది. అప్పుడు డబుల్ క్లిక్ చెయ్. పక్కన డేటా ఎక్కడిదాకా ఉంటే అక్కడిదాకా ఫార్ములా దానంతటదే నిండిపోతుంది.

ఒక్క జాగ్రత్త. మధ్యలో ఒక వరుస మొత్తం ఖాళీగా ఉంటే ఫార్ములా అక్కడే ఆగిపోతుంది, ఎక్సెల్ నీకేమీ చెప్పదు. కింది బిల్లులకు జీఎస్టీ పడకుండానే టోటల్ వచ్చేస్తుంది. అందుకే నింపగానే ఒక సెల్ మీద క్లిక్ చేసి, దాని కింది అంచు మీద డబుల్ క్లిక్ చెయ్. డేటా ఆగినచోటికి ఒక్కసారిగా దిగుతావు. అక్కడ ఉన్నది ఆఖరి బిల్లేనా అని చూసుకో. అంచు పట్టుకుని మాత్రం లాగకు, సెల్ వేరేచోటికి జరిగిపోతుంది. జరిగితే వెంటనే కంట్రోల్ జెడ్ కొట్టు.

అంకెలకు బదులు హ్యాష్ గుర్తులు కనిపిస్తే కంగారుపడకు. పైన కాలమ్ అక్షరానికి కుడివైపున్న గీత మీద డబుల్ క్లిక్ చేస్తే వెడల్పు సరిపోతుంది.

వర్డ్‌లో ఒక మాట సెలెక్ట్ చేయడానికి రెండు క్లిక్‌లు, పేరా మొత్తానికి మూడు. నాలుగు పేజీలు సెలెక్ట్ చేయాలంటే మొదట్లో ఒకసారి క్లిక్ చేసి, చివరికి వెళ్లి షిఫ్ట్ నొక్కి క్లిక్ చెయ్. ఒకచోటి అక్షరాల రూపాన్ని ఇంకోచోటికి అద్దే ఫార్మాట్ పెయింటర్ బ్రష్‌ని డబుల్ క్లిక్ చేస్తే, ఎస్కేప్ నొక్కేదాకా ఎన్నిచోట్లయినా వాడుకోవచ్చు. ఇది చాలామంది సీనియర్లకే తెలియదు.

ఫైళ్ల సంగతి బాగా గుర్తుంచుకో. మామూలుగా లాగితే అదే డ్రైవ్‌లోని ఫోల్డర్‌లోకైతే ఫైల్ జరిగిపోతుంది, పెన్‌డ్రైవ్‌లోకైతే కాపీ అవుతుంది. ఈ తేడా తెలియకే ఫైల్ పోయిందని టెన్షన్ పడతారు. నువ్వు కుడి బటన్ నొక్కిపట్టి లాగు. వదలగానే కాపీ చేయాలా, మూవ్ చేయాలా అని అదే అడుగుతుంది. ఆఫీసు ఫైళ్లకి నేను వేరే పద్ధతి వాడను.

బ్రౌజర్‌లో లింక్ మీద మౌస్ చక్రాన్ని నొక్కితే కొత్త ట్యాబ్‌లో తెరుచుకుంటుంది, ట్యాబ్ మీద అదే చక్రాన్ని నొక్కితే ఆ ట్యాబ్ మూసుకుంటుంది. బ్యాంకు సైట్లలో మాత్రం వద్దు, కొన్ని లాగౌట్ చేసేస్తాయి. అక్షరాలు చిన్నగా ఉంటే కంట్రోల్ పట్టి చక్రం తిప్పు, స్క్రీన్ మీదికి వంగి చూడకు.

ఇవన్నీ ఒకేరోజు పెట్టుకోకు. ఈ వారం ఎక్సెల్‌వి చెయ్యి అలవాటుపడేదాకా వాడు. నీ మౌస్ చక్రం నొక్కుడు పడకపోతే, మొహమాటపడకుండా వేరే మౌస్ అడిగి తీసుకో.

ఇట్లు,
మామయ్య