నాస్తికుడికి నచ్చే పరలోకం ఎలా ఉండాలి?

దేవుణ్ణి నమ్మనివారు, చనిపోయాక ఏదో ఒక లోకం తప్పదంటే అది ఎలా ఉండాలని కోరుకుంటారని అడిగారు. అక్కడి కాపురం శాశ్వతం కాకూడదన్నది నా మొదటి షరతు. రుసుము ఉండకూడదన్నది రెండవది.

మా తాతగారు పోయినప్పుడు కోటిపల్లి రేవులో కర్మ చేయించిన పురోహితుడు, వైతరణి దాటాలంటే గోదానం తప్పదనీ, ఆవు లేదు కనుక కొబ్బరికాయ మీద రొక్కం పెట్టి ఇవ్వాలనీ మా నాన్నగారితో చెప్పారు. రొక్కం ఎంతన్న దగ్గర మాట పెరిగింది. "మీ నాన్నగారు అవతలి ఒడ్డు చేరొద్దాండీ?" అని ఆయన గద్దించేసరికి మా చిన్నాన్న, "ఆయ్, మా నాన్న బతికినన్నాళ్లూ ఈ రేవులోనే పంటెక్కి ముక్తేశ్వరం వెళ్లొచ్చాడండీ, రేవు దాటడం ఆయనకి ఒకరు నేర్పాలా?" అన్నాడు. నాన్నగారు తల దించుకున్నారు గానీ నవ్వు ఆపుకోలేక ఆయన భుజాలు కదలడం నేను చూశాను. చివరికి అడిగినంతా ఇచ్చారు. దుఃఖంలో ఉన్నవాడు బేరమాడలేడని తెలిసి చెప్పే ధర అది. అప్పు చేసి దినం భోజనాలు పెట్టే ఇళ్ల సంగతి ఇక ఎత్తను.

స్వర్గం మీద నా అసలు అభ్యంతరం అక్కడ పని లేకపోవడమే. కాలువకు నీరు ఎప్పుడు వదులుతారన్న చింతతోనే బతికిన మా తాతగారికి అమృతం, అప్సరసల నాట్యం వారం తిరగకుండానే విసుగు పుట్టిస్తాయి. నా పరలోకంలో తీర్పులూ కుంభీపాకాలూ ఉండవు. మన పని మన తర్వాత ఏమైందో చూసే వీలు మాత్రం ఉంటుంది. 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్టకు కారకుడైన ఆర్థర్ కాటన్ 1899లో ఇంగ్లండులో మరణించారు. గోదావరిలో మునిగి ఆయన పేర తర్పణం వదిలేవారి గురించి మా వైపు గొప్పగా చెబుతారు. క్రైస్తవుడైన దొరకు వదిలిన నీళ్లు ఏ లోకానికి చేరతాయని మాత్రం ఎవరూ అడగరు. నన్నడిగితే, ఆయనకు ఒకసారి ఈ కాలువలను చూపిస్తే చాలు, వాటి నిండా గుర్రపుడెక్క పేరుకోని రోజు చూసి.

పుణ్యం ఖర్చయ్యాక స్వర్గం ఖాళీ చేయవలసిందేనని భగవద్గీత తొమ్మిదో అధ్యాయం చెబుతుంది. అంతవరకు ఆ ఏర్పాటు నాకు సమ్మతమే. ఖాళీ చేసినవాణ్ణి మళ్లీ ఇక్కడే పుట్టించడమే నచ్చలేదు. మా తాతగారి పొలం ఇప్పుడు రొయ్యల చెరువైంది; ఆయన తిరిగివచ్చి ఏం చేస్తారు?