ఎలక్ట్రిక్ గిటార్ బజ్ అవుతుంటే ఇంట్లోనే సెటప్ చేసుకోవచ్చా?

నిక్షేపంగా చేసుకోవచ్చు. మీ స్ట్రాట్ (ఫెండర్ కంపెనీ స్ట్రాటోకాస్టర్) తరహా గిటార్‌లో ఆరో స్ట్రింగ్, అంటే అన్నిటికన్నా లావుది, మొదటి మూడు నాలుగు ఫ్రెట్ల (నెక్ మీద అడ్డంగా ఉండే లోహపు పట్టీల) దగ్గర గరగరలాడుతోందని, ట్రస్ రాడ్, అంటే నెక్ వంపును సరిచేసే లోపలి లోహపు కడ్డీ, ముట్టుకోవాలంటే భయంగా ఉందని రాశారు. నా గిటార్లన్నీ నేనే ఇంట్లో సెట్ చేసుకుంటాను. వరస తప్పకపోతే భయం అక్కర్లేదు. ముందు నెక్, తర్వాత స్ట్రింగ్స్ ఎత్తు, ఆఖర్న ఇంటొనేషన్, అంటే నెక్ మీద ఎక్కడ నొక్కినా శ్రుతి సరిగ్గా పలికేలా చూడటం. నెక్ కదిలితే మిగతా రెండూ మారిపోతాయి.

మీరు ఎప్పుడూ వాడే గేజ్‌లో (మందంలో) కొత్త స్ట్రింగ్స్ వేసి ట్యూన్ చేయండి. మొదటి ఫ్రెట్‌కి క్యాపో (స్ట్రింగ్స్‌ని నొక్కి పట్టే క్లిప్) పెట్టి, నెక్ బాడీలో కలిసే చోట, అంటే 17వ ఫ్రెట్ దగ్గర, ఆరో స్ట్రింగ్ నొక్కి పట్టుకోండి. 8వ ఫ్రెట్‌కీ స్ట్రింగ్‌కీ మధ్య 0.25 మి.మీ. సందు ఉండాలి. కొలవడానికి బైక్ మెకానిక్‌లు ట్యాపెట్లకు వాడే ఫీలర్ గేజ్ చాలు, ఆటో స్పేర్స్ షాపులో దొరుకుతుంది. మీ లక్షణాలను బట్టి ఆ సందు తక్కువై ఉంటుంది. ట్రస్ రాడ్‌ను ఎడమవైపుకి (గడియారం ముల్లుకి వ్యతిరేక దిశలో) పావు చుట్టు వదులు చేసి, మళ్లీ ట్యూన్ చేసి కొలవండి. ఆలెన్ కీ సరిగ్గా పట్టే సైజుదే వాడండి. ట్రస్ రాడ్ నట్ తిరగనని మొరాయిస్తే బలం ఉపయోగించకండి, అప్పుడు తెలిసినవాళ్లకి ఇవ్వాల్సిందే. మాది విశాఖ, ఇక్కడి తేమకి సీజన్ మారినప్పుడల్లా నెక్ కాస్త కదులుతుంది, కాబట్టి ఇది అప్పుడప్పుడూ చూసుకోవాల్సిన పనే.

యాక్షన్, అంటే స్ట్రింగ్స్ ఎత్తు, తగ్గించడానికి మాత్రం ట్రస్ రాడ్ తిప్పకండి. ఆ పని బ్రిడ్జ్ మీద ఒక్కో స్ట్రింగ్‌నీ మోసే శాడిల్స్‌కి ఉన్న స్క్రూలది. 17వ ఫ్రెట్ దగ్గర 1.6 మి.మీ. ఫెండర్ చెప్పే కొలత. బెండ్స్ (స్ట్రింగ్‌ని పక్కకి లాగి స్వరం పెంచడం) ఎక్కువ వాయిస్తాను కాబట్టి నేను కొంచెం ఎత్తే ఉంచుకుంటాను, స్వరం నిండుగా మోగుతుంది. ఇక, ఆంప్‌లో వినపడని చిన్న బజ్‌ని పట్టించుకోకండి.

ఇంటొనేషన్‌కి 12వ ఫ్రెట్ దగ్గర హార్మోనిక్‌నీ (స్ట్రింగ్‌ని నొక్కకుండా తేలిగ్గా తాకి మీటితే వచ్చే స్వరాన్నీ), నొక్కిన నోట్‌నీ ట్యూనర్‌లో పోల్చండి. నొక్కినది షార్ప్ (శ్రుతి ఎక్కువ) అయితే శాడిల్‌ని వెనక్కి, ఫ్లాట్ (శ్రుతి తక్కువ) అయితే నెక్ వైపుకి జరపండి. ఎంత జరిపినా ఆరో స్ట్రింగ్ వణుకుతున్నట్టు మోగితే పికప్ అయస్కాంతం దాన్ని లాగుతోందేమో చూడండి. ఆ వైపు పికప్ కాస్త దించితే సరిపోతుంది.

ఇవన్నీ అయ్యాక కూడా ఒకే ఒక్క ఫ్రెట్ దగ్గర బజ్ మిగిలితే, బహుశా దాని పక్కన బ్రిడ్జ్ వైపు ఫ్రెట్ ఎత్తుగా ఉందన్నమాట. ఫ్రెట్ లెవలింగ్ (ఫ్రెట్లన్నీ ఒకే ఎత్తుకి అరగదీయడం) చేతి అనుభవం కావాల్సిన పని, దాన్ని మాత్రం టెక్నీషియన్‌కే ఇవ్వండి.