‘స్కూల్లో ఏం జరిగింది?’ అంటే ‘ఏమో’ అంటున్నాడు.. మాటలు ఆలస్యమైనట్టేనా?

ప్రశ్న: మా బాబుకు నాలుగున్నరేళ్లు. ఎల్‌కేజీ చదువుతున్నాడు. రైమ్స్, రంగులు, జంతువుల పేర్లు గడగడా చెప్పేస్తాడు. కానీ ‘ఈ రోజు స్కూల్లో ఏం జరిగింది?’ అని అడిగితే ‘ఏమో’, ‘ఏం లేదు’ అంటాడు. మొన్న క్లాసులో కుటుంబం గురించి, ఇంట్లో ఉన్న కుక్కపిల్ల గురించి రెండు మాటలు చెప్పమంటే నోరు విప్పలేదట. ఇంట్లో అదే కుక్కపిల్లతో రోజంతా కబుర్లే. వాళ్లక్క ఈ వయసులో అన్నీ పూసగుచ్చినట్టు చెప్పేది. చిన్నప్పుడు వస పోయలేదు కాబట్టే ఇలా అయ్యాడని మా అత్తయ్య అంటున్నారు. చలికాలం వస్తే వాడికి జలుబు వదలదు, టీవీ సౌండ్ పెంచమని గొడవ చేస్తాడు. మిగతా అంతా బాగానే ఉంది. స్పీచ్ థెరపీ చేయించాలా? చాలా టెన్షన్‌గా ఉంది. – ఓ తల్లి, ఖమ్మం

జవాబు: అమ్మా, మీరు రాసినదాంట్లో నాకు ధైర్యమిచ్చిన మాట, కుక్కపిల్లతో రోజంతా కబుర్లు చెబుతాడన్నది. మాటలు రాని పిల్లవాడు అలా మాట్లాడడు. ఇబ్బందల్లా జరిగిన సంగతిని ఇంకొకరికి చెప్పడంలో వస్తోంది. రంగుల పేర్లు చెప్పడానికి జ్ఞాపకం ఉంటే చాలు. స్కూల్లో జరిగింది చెప్పాలంటే మాత్రం దాన్ని గుర్తు తెచ్చుకోవాలి, ఎక్కడ మొదలుపెట్టాలో తేల్చుకోవాలి, అక్కడ లేని అమ్మకు ఏది తెలుసో ఏది తెలియదో ఊహించుకోవాలి. చిన్న బుర్రకు అది పెద్ద పనే. నాలుగేళ్లు నిండేసరికి ఆ రోజు జరిగిన సంగతి ఒక్కటైనా చెప్పగలగాలి, ఐదేళ్లకు కనీసం రెండు సంఘటనలున్న చిన్న కథ చెప్పగలగాలి అన్నది మేం సాధారణంగా చూసే కొలత. కాబట్టి మీరు అడిగినప్పుడు ఏం చెబుతున్నాడని కాకుండా, తనంతట తానుగా ఎప్పుడైనా ‘వాడు నా పెన్సిల్ లాక్కున్నాడు’ లాంటి మాట అంటున్నాడా అని ఓ వారం గమనించండి. అంటుంటే మీ టెన్షన్ సగం తీరినట్టే.

మీరు చివర్లో మామూలుగా రాసేసిన విషయం మాత్రం నేను వదలను. తరచూ జలుబు, టీవీ సౌండ్ పెంచమనడం రెండూ కలిసి ఉంటే ముందు చెవులు చూపించాలి. జలుబు ఎక్కువగా చేసే పిల్లల్లో ఒక్కోసారి కర్ణభేరి వెనక జిగటగా నీరు చేరుతుంది. దీన్ని గ్లూ ఇయర్ అంటారు. చాలాసార్లు నొప్పి ఉండదు, చీము కారదు, అందుకే ఇంట్లో ఎవరికీ అనుమానం రాదు. దగ్గర కూర్చుని చెబితే వినపడుతుంది, క్లాసులో వెనక బెంచీ నుంచి టీచర్ మాట సరిగా వినపడదు. ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికి వెళితే టింపనోమెట్రీ (కర్ణభేరి కదలిక చూసే పరీక్ష), ఆడియోమెట్రీ (వినికిడి పరీక్ష) చేస్తారు. సూది పోటు ఉండదు. ఈ వయసు పిల్లలకైతే శబ్దం వినపడినప్పుడల్లా ఒక బొమ్మను బుట్టలో వేయమని ఆటలాగా చేయిస్తారు. ఇలా చేరిన నీరు చాలామందిలో మూడు నెలల్లో దానంతట అదే తగ్గిపోతుంది. తగ్గనివాళ్లకు వైద్యం ఉంది. ఈలోగా చెవుల్లో నూనె వేయకండి.

వస సంగతి. వస పోయకపోవడం వల్ల ఏ బిడ్డకూ మాటలు ఆగవు, పోస్తే తొందరగానూ రావు. పసిబిడ్డలకు పోస్తే వాంతులయ్యే ప్రమాదం ఉంది. మీరు ఏదో తప్పు చేశానని బాధపడాల్సిన పని లేదు. మీ అత్తయ్యగారు ఈ విషయంలో వేరే రకంగా ఎంతో సాయం చేయగలరు, అది కింద చెబుతాను.

ఇక మాట్లాడించడం. స్కూలు నుంచి రాగానే, బ్యాగు భుజం మీద ఉండగానే ‘ఏం జరిగింది? ఏం చెప్పారు? ఎవరు కొట్టారు?’ అని అడగడం దాదాపు ప్రతి ఇంట్లో ఉన్నదే. ఆకలితో, అలసిపోయి వచ్చిన పిల్లవాడికి ఆరు గంటల రోజును ఒక్క ముక్కలో చెప్పమనడం అది. ‘ఏమో’ అనడమే తేలిక. ముందు ఏదైనా తిననివ్వండి. తర్వాత మీ కబురు మీరు చెప్పండి. ‘పొద్దున నేను కూరగాయల బండి దగ్గర నిలబడ్డానా, ఆవు వచ్చి కొత్తిమీర కట్ట నోట్లో పెట్టుకుని వెళ్లిపోయింది!’ అని ఆగండి. మనసులో ఐదు లెక్కపెట్టేదాకా ఇంకో మాట మాట్లాడకండి. పెద్దవాళ్లకు కష్టమైన పని ఈ ఆగడమే. పిల్లలు మాట కూర్చుకుంటుంటే మనం అందేసుకుంటాం. నా ఓపీలో పిల్లవాణ్ని ‘నీ పేరేంటి నాన్నా?’ అంటే అమ్మ చెప్పేస్తుంది, ‘ఎక్కడ నొప్పి?’ అంటే నాన్న చెప్పేస్తాడు. మీ ఇంట్లో అక్క కూడా ఉంది కాబట్టి తమ్ముడు చెప్పేటప్పుడు తను అందుకోకుండా చూడండి. తన వంతు తర్వాత వస్తుందని చెబితే పిల్ల అర్థం చేసుకుంటుంది.

జరిగిపోయిన సంగతుల గురించి తల్లులు పిల్లలతో ఎలా మాట్లాడతారన్నది అమెరికాలోని ఎమొరీ యూనివర్సిటీకి చెందిన రాబిన్ ఫివుష్, న్యూజిలాండ్‌లోని ఒటాగో యూనివర్సిటీకి చెందిన ఎలేన్ రీస్ ఏళ్ల తరబడి పరిశీలించారు. పిల్లవాడు అన్న మాటను అందుకుని, దానికి ఓ వివరం జోడించి, మళ్లీ వాడికి అవకాశమిచ్చే తల్లుల పిల్లలు తర్వాత తమ అనుభవాలను మరింత వివరంగా చెప్పగలిగారు. అడిగిందే అడుగుతూ సరైన జవాబు కోసం చూసిన చోట అంత ఎదుగుదల కనిపించలేదు. మీ కుక్కపిల్ల పేరు టామీ అనుకుందాం. మీ ఇంట్లో అది ఇలా ఉండొచ్చు:

‘నిన్న టామీకి స్నానం చేయించాం కదా, అప్పుడేమైందీ!’
‘పారిపోయింది.’
‘అవును, సబ్బు నురగతోనే పారిపోయింది! ఎక్కడికి పోయింది?’
‘మంచం కిందికి.’
‘మంచం కిందికి దూరింది. మరి తాతయ్య ఏం చేశారు?’
‘తాతయ్య కర్ర పెట్టాడు.. రాలేదు. నేను బిస్కెట్ పెట్టా, వచ్చింది.’

ఒక్క మాటతో మొదలైన పిల్లవాడు చివరికి ముగ్గురు ఏం చేశారో వరసలో చెప్పేశాడు. అమ్మ పెద్దగా చేసిందేమీ లేదు. ‘అవును’ అంది, సబ్బు నురగ గుర్తు చేసింది, తర్వాత ఏమైందో వాణ్నే చెప్పనిచ్చింది. అదే కుక్కపిల్లను ఎదురుగా పెట్టుకుని ‘టామీ ఏ రంగు? ఎన్ని కాళ్లు? ఇంగ్లీషులో ఏమంటారు?’ అంటే అది పరీక్ష అయిపోతుంది. ‘పోయిండు’ అంటే ‘వెళ్లాడు అనాలి’ అని మధ్యలో దిద్దకండి. ఇంట్లో ఏ యాస మాట్లాడతారో ఆ యాసలోనే చెప్పనివ్వండి. ఇంట్లో తెలుగు మాట్లాడితే స్కూల్లో ఇంగ్లీషు వెనకబడుతుందన్న భయం కూడా వద్దు. రెండు భాషల వల్ల మాటలు ఆలస్యం కావు. ఒక భాషలో కథ చెప్పడం వచ్చిన పిల్లవాడు ఆ నేర్పును రెండో భాషలోకి తెచ్చుకుంటాడు.

వరస తప్పి చెబితే కంగారు వద్దు. ఈ వయసులో నిన్న, మొన్న, రేపు కలగాపులగంగానే ఉంటాయి. ‘అన్నం తిన్నాకా? చీకటి పడ్డాకా?’ అని అడిగితే చెప్పగలుగుతారు. ‘టామీ మేడ మీదికి ఎగిరింది’ అన్నా అబద్ధాలకోరు అని ముద్ర వేయకండి. ‘ఎగిరితే బాగుండునని ఉందా?’ అంటే నవ్వేస్తాడు.

కుటుంబం గురించి చెప్పడమంటే నాన్న పేరు, అమ్మ పేరు, ఊరు పేరు అని ఐదు వాక్యాలు బట్టీ పట్టించడం కాదు. నా దృష్టిలో అది మాట్లాడటమే కాదు. మీ పెళ్లి ఆల్బమ్ తీసి పక్కన కూర్చోబెట్టుకోండి. ఒక్క పేజీ చాలు. ‘ఈ బాబాయే నిన్ను భుజాల మీద ఎక్కించుకుని జాతరంతా తిప్పాడు’ అంటే ఆ ఫొటోలోని మనిషితో వాడికి ఓ సంగతి ముడిపడుతుంది. అమ్మమ్మకు వీడియో కాల్ చేసే ముందు ‘టామీ మంచం కింద దూరిన సంగతి అమ్మమ్మకు తెలీదు, నువ్వు చెప్తావా?’ అనండి. నిజంగా తెలియని మనిషికి చెప్పడంలో పిల్లలకు హుషారు వస్తుంది. మీ అత్తయ్యగారిని అడగాల్సిన సాయం ఇదే. వాళ్ల నాన్న చిన్నప్పుడు చేసిన అల్లరి ఆమెకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. రాత్రి పడుకోబోయే ముందు ఒక్కటి చెప్పమనండి, మర్నాడు అదే కథను మనవడి చేత తిరిగి చెప్పించుకోమనండి. ఆ సమయంలో టీవీ, ఫోన్ ఆపేయాలి. రెండు నుంచి ఐదేళ్ల పిల్లలకు రోజుకు గంటకు మించి స్క్రీన్ వద్దని భారతీయ పిల్లల వైద్యుల సంఘం 2021లో సూచించింది.

కుక్కపిల్ల ఉన్న ఇల్లు కాబట్టి డాక్టర్‌గా ఇంకొకటి చెప్పాలి. పంటి గాటు పడినా, గోరు గీరుకున్నా పిల్లలు ఇంట్లో చెప్పకుండా దాచేస్తారు. తనను తిడతారని, కుక్కపిల్లను పంపేస్తారని భయం. రేబిస్ లక్షణాలు కనిపించాక ప్రాణం నిలవడం దాదాపు అసాధ్యం. అందుకే ‘టామీ నోరు నీకు ఎక్కడైనా తగిలితే వెంటనే చెప్పు, నిన్నూ తిట్టను, దాన్నీ పంపను’ అని ఇప్పుడే మాట ఇవ్వండి, చెప్పిన రోజు ఆ మాట మీద నిలబడండి. గాయాన్ని పారే నీళ్ల కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి అదే రోజు ఆస్పత్రికి తీసుకెళ్లాలి. పసుపు, సున్నం, కారం పెట్టకూడదు. టామీకి టీకాలు వేయించి ఉన్నా డాక్టర్‌కు చూపించాల్సిందే. ఒకవేళ కుక్కపిల్ల చనిపోతే ‘నిద్రపోయింది’ అనకండి, పిల్లలు నిద్రకే భయపడతారు. ‘చనిపోయింది, ఇక రాదు’ అని చెప్పి ఏడవనివ్వండి.

స్కూల్లో గానీ, ఆటోలో గానీ, చుట్టాలింట్లో గానీ తనను ఎవరో తాకారని, భయపెట్టారని చెప్పినప్పుడు కూడా ఇదే పద్ధతి. గుచ్చి గుచ్చి అడగకండి, మాటలు అందించకండి. ‘చెప్పి మంచి పని చేశావు’ అని దగ్గరికి తీసుకుని, వాడు అన్న మాటలు అన్నట్టే రాసిపెట్టుకోండి. చైల్డ్ హెల్ప్‌లైన్ 1098కు ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు.

స్పీచ్ థెరపీ ఇప్పుడే మొదలుపెట్టాలని నాకు అనిపించడం లేదు. వచ్చిన మాటలు పోతున్నా, బయటివాళ్లకు వాడి మాట సగం కూడా అర్థం కాకపోయినా, పిలిస్తే పలకకపోయినా, మనం అన్నదే తిరిగి అంటున్నా, ఊహించుకుని ఆడే ఆటలు లేకపోయినా, నత్తి ఆరు నెలలకు మించి ఉన్నా ఆలస్యం చేయకూడదు. జిల్లా ప్రభుత్వాసుపత్రి పరిధిలోని డీఈఐసీలో (పిల్లల ఎదుగుదల సమస్యలను ముందుగా గుర్తించే జిల్లా కేంద్రం) పిల్లల ఎదుగుదల పరీక్షలు ఉచితంగా చేస్తారు. అక్కడ తేలకపోతే సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో అలీ యావర్ జంగ్ జాతీయ వాక్, శ్రవణ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది.

క్లాసులో నోరు విప్పని విషయానికి టీచర్‌ను ఒక్క ప్రశ్న అడగండి: తోటి పిల్లలతో ఆటల్లో మాట్లాడుతున్నాడా? మాట్లాడుతుంటే అది బిడియమే. అందరి ముందు నిలబెట్టకుండా, టామీ ఫొటో చేతికిచ్చి ముందు ఇద్దరు ముగ్గురు స్నేహితులకు చెప్పించమనండి. ఇంట్లో గలగలా మాట్లాడుతూ స్కూల్లో ఎవరితోనూ ఒక్క మాట కూడా లేకుండా నెల దాటితే, స్కూల్లో చేరిన మొదటి నెల కాకపోతే, సెలెక్టివ్ మ్యూటిజం అనే ఆందోళన సమస్య కావచ్చు. దాన్ని మొండితనం అనుకుని బెదిరిస్తే, మాట్లాడితే చాక్లెట్ ఇస్తానని అందరి ముందు అంటే మరింత బిగుసుకుపోతాడు. అప్పుడు పిల్లల సైకాలజిస్ట్ దగ్గరికి తీసుకెళ్లండి. దానికంటే ముందు, ఈ వారంలోనే చెవి పరీక్ష చేయించి రిపోర్టు టీచర్‌కు కూడా చూపించండి. తేడా ఉందని తేలితే వాణ్ని ముందు వరసలో కూర్చోబెట్టమనండి.