పునీత తోమా నిజంగా భారతదేశానికి వచ్చాడా?

యేసు పన్నెండుమంది శిష్యులలో ఒకరైన తోమాను మన దేశపు పాలక పునీతుడిగా కతోలికులు కొలుస్తారు కదా, ఆయన ఇక్కడికి వచ్చాడన్నది చరిత్రా, కట్టుకథా అని మీరు అడిగారు. గుంటూరు జిల్లాలో కతోలిక కుటుంబంలో పుట్టి, ఉద్యోగరీత్యా చాలాకాలం చెన్నైలో ఉన్నవాణ్ణి కాబట్టి ఈ కథలు ఇంట్లోనే విన్నాను, ఆ స్థలాలూ చూశాను. నాకు అర్థమైనంతవరకు ఇందులో మూడు వేర్వేరు కథలున్నాయి. వాటిని ఒకటిగా కలిపి చెప్పడం వల్లనే ఇంత గందరగోళం.

అన్నిటికంటే పాతది, మూడో శతాబ్దపు తొలినాళ్లలో సిరియాక్ భాషలో పుట్టిందని పండితులు భావించే ‘తోమా చర్యలు’ అనే గ్రంథంలోనిది. శిష్యులు ఎవరు ఏ దేశానికి వెళ్లాలో చీట్లు వేసుకుంటే తోమాకు భారతదేశం వచ్చిందట; ఆయన వెళ్లనని మొండికేస్తే యేసే ప్రత్యక్షమై, హబ్బాన్ అనే వర్తకుడికి ఆయనను బానిసగా అమ్మేశాడట. గుండఫర్ అనే రాజు మేడ కట్టమని ఇచ్చిన సొమ్మంతా తోమా పేదలకు పంచిపెట్టి, నీ మేడ పరలోకంలో లేచిందని చెబితే రాజు ఆయనను ఖైదులో వేయించాడు. ఈలోగా చనిపోయిన రాజు తమ్ముడు పైలోకంలో ఆ మేడను చూసి, దాన్ని కొనుక్కోవడానికి తిరిగి బతికి వచ్చాడు. మా నాయనమ్మ ఈ ఘట్టం దగ్గర గొంతు మార్చి, “అన్నా, ఆ మేడ నాకు అమ్మవూ?” అని బతిమాలేది.

ఆ రాజు కల్పిత పాత్ర అనే చాలాకాలం అనుకున్నారు. పందొమ్మిదో శతాబ్దంలో భారత ఉపఖండపు వాయవ్య ప్రాంతంలో గొండోఫరెస్ (గుండఫర్ పేరుకు గ్రీకు రూపం) పేరున్న నాణేలు బయటపడ్డాయి. ఇప్పటి పాకిస్తాన్‌లోని తఖ్త్-ఇ-బాహీ దగ్గర దొరికిన శాసనాన్ని బట్టి ఆయన క్రీ.శ. 46 ప్రాంతంలో పాలిస్తున్నాడని లెక్కగట్టారు. భక్తులు ఇదే రుజువు అంటారు కానీ, నాణెం రాజు ఉన్నాడని చెబుతుందే తప్ప తోమా అక్కడికి వెళ్లాడని చెప్పదు.

రెండోది కేరళ కథ. క్రీ.శ. 52లో ముజిరిస్ రేవులో దిగి ఏడున్నర చర్చిలు స్థాపించాడన్నది నస్రానీలనే అక్కడి ప్రాచీన క్రైస్తవుల నమ్మకం. మిరియాల కోసం రోమన్ ఓడలు ఆ రేవుకు వచ్చేవి కనుక ప్రయాణం అసాధ్యమేమీ కాదు. అయితే అక్కడ క్రైస్తవులున్నారన్న గట్టి సాక్ష్యాలు ఆరో శతాబ్దపు యాత్రికుడు కాస్మాస్ రాతలోనూ, 849 నాటి కొల్లం తామ్ర శాసనాల్లోనూ దొరుకుతాయి.

మూడోది మైలాపూర్. క్రీ.శ. 72లో అక్కడ ఈటెతో పొడిచి చంపారని సంప్రదాయం చెబుతుంది. పదమూడో శతాబ్దం చివర్లో మార్కో పోలో విన్న కథ వేరు: నెమళ్ల మీద బాణం వేసిన వేటగాడి గురి తప్పి, ప్రార్థనలో ఉన్న తోమాకు తగిలిందట. ఆ సమాధికి ముస్లింలు కూడా వచ్చేవారనీ, అక్కడి ఎర్రమట్టిని జ్వరపడ్డవారికి నీళ్లలో కలిపి తాగించేవారనీ ఆయన రాశాడు. హత్య కథకన్నా నాకు ఈ మట్టి సంగతే ఎక్కువ నమ్మబుద్ధేస్తుంది, ఎందుకంటే అది అప్పటి జనం చేస్తున్న పని.

చెన్నైలోని పరంగిమలై (సెయింట్ థామస్ మౌంట్) మీది చర్చిలో బలిపీఠం వెనుక ఉన్న రాతి సిలువను తప్పక చూడండి. 1547లో పోర్చుగీసువారు పునాదులు తవ్వుతుండగా దొరికిన ఈ సిలువను తోమాయే చెక్కాడని అక్కడివారు చెబుతారు. దగ్గరికి వెళితే నల్లని రాతిపై సిలువ, దాని మీదికి దిగుతున్న పావురం, చుట్టూ కమానులాగా చెక్కిన అక్షరాలు కనబడతాయి. ఆ లిపి పహ్లవీ, అంటే మధ్య పారశీక భాషను రాసిన లిపి. పండితులు దాన్ని తోమాకు కొన్ని శతాబ్దాల తరువాతిదిగానే లెక్కిస్తారు. పారశీక చర్చితో ఈ తీరానికి ఉన్న సంబంధానికి అంతకన్నా మంచి సాక్ష్యం చెన్నైలో నాకు కనబడలేదు.

అస్థికల సంగతి మరో మలుపు. ఒక వర్తకుడు వాటిని భారతదేశం నుంచి ఎదెస్సాకు (ఇప్పటి టర్కీలోని నగరం) తెచ్చాడని నాలుగో శతాబ్దంలోనే సిరియాక్ కవి ఎఫ్రేమ్ కీర్తనలు పాడాడు; అక్కడి నుంచి కియోస్ ద్వీపం మీదుగా 1258లో ఇటలీలోని ఒర్తోనా చేరాయంటారు. 1964లో మన తపాలా శాఖ తోమా పేర స్టాంపు వేసినప్పుడు, బొమ్మగా తీసుకున్నది ఆ ఒర్తోనా చర్చిలోని విగ్రహాన్నే.