పొలిమేర దాటకూడని అద్దె కారు

ప్రశ్న: వచ్చే నెల చంద్రగిరిలో మా తమ్ముడి పెళ్ళి. ఊరేగింపు కోసం బెంగళూరులో ఖరీదైన రెండు సీట్ల విదేశీ కారును మూడు రోజులకు అద్దెకు తీసుకుని నేనే నడుపుకుంటూ రావాలనుకుంటున్నాను. కర్ణాటక దాటరాదని, ఘాట్ రోడ్డు ఎక్కించరాదని, రోజుకు 150 కిలోమీటర్లు మించరాదని, మీరితే రెండు లక్షల డిపాజిట్టు తిరిగి ఇవ్వబోమని ఒప్పందంలో రాశారు. అక్కడి ఉద్యోగి మాత్రం "అవన్నీ రాతకే సార్, వెళ్ళిరండి" అంటున్నాడు. నమ్మవచ్చా?
— ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: దయచేసి నమ్మవద్దు. మీరు సంతకం చేసిన కాగితానికి విరుద్ధంగా ఎవరో నోటిమాటగా ఇచ్చిన హామీ రేపు వివాదం వస్తే నిలవడం చాలా కష్టం.

అద్దెకు తెచ్చుకున్న వస్తువును మన సొంత వస్తువులా జాగ్రత్తగా చూసుకున్నప్పటికీ నష్టం జరిగితే, వేరే షరతు ఏదీ లేనంతవరకు ఆ బాధ్యత మనది కాదని 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం చెబుతుంది. షరతు మీరి వాడితే మాత్రం ఆ రక్షణ పోతుంది. 154వ సెక్షనులో దీనికి చట్టమే ఒక ఉదాహరణ ఇచ్చింది. కాశీకి వెళ్తానని చెప్పి కలకత్తాలో గుర్రాన్ని అద్దెకు తీసుకున్న మనిషి కటక్ వైపు వెళ్ళాడు. ఎంతో జాగ్రత్తగానే స్వారీ చేసినా గుర్రం పడి దెబ్బ తిన్నది. పరిహారం అతడే చెల్లించాలి. కర్ణాటక సరిహద్దులోని నంగిలి దాటి పలమనేరు వైపు వచ్చిన క్షణం నుంచి మీ పరిస్థితీ అదే. మొగిలి ఘాట్‌లో వెనుక నుంచి లారీ తగిలి, అందులో మీ తప్పు ఇసుమంత లేకపోయినా, మరమ్మతు ఖర్చు యజమాని మిమ్మల్నే అడగగలడు. ఇలాంటి కార్ల విడిభాగాల ధర ఎంత ఉంటుందో మీకు తెలియనిది కాదు.

కిలోమీటర్ల లెక్క కూడా మీకు అనుకూలంగా లేదు. మూడు రోజులకు మీకు దక్కేది 450. పోనురాను ప్రయాణమే అంతకు మించుతుంది.

డిపాజిట్టు విషయంలో మాత్రం మీకు కొంత ఊరట ఉంది. ఒప్పందంలో జరిమానా ఎంత రాసుకున్నా, దానికి లోబడి సమంజసమైన పరిహారం మాత్రమే ఇప్పించాలని అదే చట్టంలోని 74వ సెక్షను చెబుతుంది. నష్టానికి పొంతన లేని జరిమానాలను అన్యాయమైన ఒప్పందంగా సవాలు చేసే వీలు 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కల్పించింది. ఆ ఫిర్యాదు రాష్ట్ర వినియోగదారుల కమిషన్‌లో వేయాలి. అయితే డబ్బు ముందే వారి చేతిలో ఉంటుంది కనుక తిరిగే శ్రమంతా మీదే.

ఇంకొక సంగతి మీరు రాయలేదు గానీ ముఖ్యమైనది: ఆ కారు నంబరు ప్లేటు ఏ రంగులో ఉంది? స్వయంగా నడుపుకునేందుకు అద్దెకిచ్చే కార్లకు నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలు ఉండాలి. తెల్ల ప్లేటు ఉంటే అది సొంత వాడకానికి నమోదైన బండి. అద్దెకు తిప్పుతూ ప్రమాదం జరిగితే కారుకు కలిగిన నష్టాన్ని ఇవ్వబోమని బీమా సంస్థ నిరాకరించవచ్చు. అలాంటి కారును పెళ్ళికి ఎంత మోజున్నా ముట్టుకోకండి.

ప్లేటు సరిగా ఉంటే, తిరుపతి జిల్లా వరకు వెళ్ళేందుకు, మొగిలి ఘాట్ దాటేందుకు అనుమతిస్తున్నట్లు, బీమా అక్కడా వర్తిస్తుందన్నట్లు సంస్థ నుంచి ఈమెయిల్ తీసుకుని, కిలోమీటర్ల పరిమితిని అందులోనే సవరింపజేయండి. అది ఇవ్వకపోతే, కారును వారి డ్రైవరుతోనే చంద్రగిరికి పంపమని అడగండి. ఖర్చు పెరుగుతుంది, కానీ స్టీరింగు, బాధ్యత వారి చేతిలోనే ఉంటాయి. మీరే తీసుకోవలసి వస్తే, తాళం అందుకునే ముందు చక్రాల అంచులను, నేలకు జానెడు కూడా ఎత్తు లేని ముందు బంపరు అడుగు భాగాన్ని వారి మనిషి ఎదుటే వీడియో తీయండి. మన ఊళ్ళలోని స్పీడు బ్రేకర్ల మీద మొదట గీరుకునేది అక్కడే.