శ్రుతిపెట్టె: ఒక్క స్థాయిలో 43 స్వరాలా?

ఆకాశవాణి 1940లో హార్మోనియాన్ని గడప దాటనివ్వకుండా ఆపి, 1971 దాకా అలాగే ఎందుకు ఉంచింది అని పోయిన నెల ఒకరు అడిగారు. ఆ జవాబు చివర ఊరికే ఒక మాట వదిలాను: "పన్నెండు స్వరాలు చాలవని బాధపడేవాళ్ళు అమెరికాలో హ్యారీ పార్చ్ అనే సంగీతకర్త సంగతి తెలుసుకోవాలి, ఆయన ఒక్క స్థాయికే (ఒక స నుంచి పై స దాకా) 43 పెట్టాడు" అని. మిగతా పేజీ అంతటికీ రాని ఉత్తరాలు ఆ ఒక్క ముక్కకి వచ్చాయి. అందుకని ఈ నెల పెట్టె మొత్తం ఆయనకే.

మాస్టారూ, ఒక స్థాయిలో 43 స్వరాలంటే నమ్మబుద్ధి కావడం లేదు. అసలు చెవికి తేడా తెలుస్తుందా? లేక గొప్ప కోసం చేసిన పనా?
— డిగ్రీ విద్యార్థి, తెనాలి

తెలుస్తుంది బాబూ. నమ్మకపోతే ఎక్కడన్నా మంచి తంబుర ఉంటే దాని పక్కన కూర్చుని మంద్ర షడ్జం (కింది స) తీగ ఒక్కటే మీటి, ఆ నాదం సన్నగిల్లే దాకా చెవిపెట్టి విను. ఎవరూ మీటని గాంధారం (గ) ఒకటి లోపల్నించి పలుకుతుంది. స్వయంభువు అని మనవాళ్ళు అనేది దాన్నే. తీగ మొత్తంగా ఊగుతూనే ఐదు ముక్కలుగా కూడా ఊగుతుంది, ఆ ఐదు ముక్కల నాదమే అది.

ఇప్పుడు లెక్కకి షడ్జం 240 హెర్ట్జ్ (సెకనుకి 240 ఊపులు) అనుకో. తంబుర చెప్పే గాంధారం 300. అదే నీ కీబోర్డు మీద నొక్కితే 302.4 వస్తుంది. రెండున్నర కూడా లేదు కదా, దానికింత గొడవా అంటావు. రెండూ కలిపి మోగించి చూడు, సెకనుకి రెండు సార్లకి పైగా గుయ్‌గుయ్‌మని అల లేచి పడుతుంది. కీబోర్డులో స్థాయిని పన్నెండు సమాన భాగాలు చేశారు కాబట్టి ఏ మెట్టునైనా షడ్జం చేసుకోవచ్చు, అది పెద్ద సౌకర్యమే, కాదనను. ఆ సౌకర్యానికి పంచమం (ప) పెద్దగా నష్టపోలేదు (360కి బదులు 359.6), గాంధారం కాస్త నష్టపోయింది. ఇంకా పైకి వెళ్తే మరీ అన్యాయం. తీగ ఏడు ముక్కలుగా ఊగితే వచ్చే నాదాన్ని ఇదే స్థాయిలోకి దింపితే 420, కీబోర్డు కైశికి నిషాదం చూస్తే 427.6. పదకొండు ముక్కలుగా ఊగితే వచ్చేది 330. కీబోర్డులో శుద్ధ మధ్యమం 320, ప్రతి మధ్యమం 339. ఆ 330 సరిగ్గా రెండు మెట్ల మధ్య సందులో పడిపోయింది, దానికి మెట్టే లేదు.

పార్చ్ తగువంతా ఈ సందు దగ్గరే. 1, 3, 5, 7, 9, 11 అనే ఆరు అంకెలు తీసుకుని, ప్రతిదాన్నీ మిగతావాటితో భాగిస్తూ పోయాడు. మళ్ళీ మళ్ళీ వచ్చేవి తీసేస్తే ఒక స్థాయిలో 29 స్వరాలు తేలాయి. అయితే షడ్జం పక్కనా, పై షడ్జానికి ముందూ పెద్ద ఖాళీలు మిగిలాయి, అక్కడక్కడా ఇంకొన్ని చిన్న ఖాళీలు. వాటిలో 14 స్వరాలు పూడ్చాడు. 29, 14 కలిపి 43. ఇష్టమొచ్చిన అంకె వేసుకోలేదు.

ఇక గొప్ప కోసమా అన్నావే, దానికి కాస్త కథ చెప్పాలి. ఆయన 1901లో కాలిఫోర్నియాలోని ఓక్లాండ్‌లో పుట్టి అరిజోనా ఎడారి ఊళ్ళో పెరిగాడు. 1923లో ఒక గ్రంథాలయంలో నాదశాస్త్రం మీద జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ రాసిన పుస్తకం చేతికి దొరికింది. అప్పట్నించి పియానో మీద నమ్మకం పోయింది. 1930లో న్యూ ఆర్లీన్స్‌లో ఉండగా, అప్పటిదాకా పద్నాలుగేళ్ళ పాటు రాసుకున్న సంగీతం మొత్తం ఇనప పొయ్యిలో పెట్టి కాల్చేశాడు. ఆ తర్వాత వయోలాకి (వయొలిన్ కన్నా కాస్త పెద్దది) చెల్లో (ఇంకా పెద్దది) మెడ బిగించి, దాని మీద తన లెక్క ప్రకారం గుర్తులు పెట్టుకుని, చైనా కవి లి పో కవితల్ని వాయిస్తూ పలకడం మొదలెట్టాడు. పాడటం అని ఎందుకు అనలేదంటే, ఆయనకి కావలసింది మాట. మనిషి మాట్లాడేటప్పుడు గొంతు పైకీ కిందికీ పోతుంది చూశావా, ఆ ఎత్తుపల్లాలు పన్నెండు మెట్లలో ఇమడవని, శిక్షణ పొందిన గాయకులు అందుకే మాటని చంపేసి స్వరాన్ని మాత్రం మిగులుస్తారని ఆయన ఫిర్యాదు.

ఇది చదివినప్పుడు నాకు కొత్తగా అనిపించలేదు. ముప్పై ఏళ్ళు పద్యనాటకాలకి హార్మోనియం వాయించినవాణ్ణి. నటుడు పద్యం ఎత్తుకుని, ఏడుపు ఘట్టంలో ఒక మాటని సాగదీసి, నా రెండు మెట్ల మధ్యకి జారి అక్కడే నిలబడేవాడు. జనం వన్స్‌మోర్ అని ఈలలేస్తున్నారు, ఆయన ఆగిన చోట నా దగ్గర మెట్టు లేదు. ఏ మెట్టు నొక్కినా తప్పే, ఊరికే శ్రుతి పట్టి కూర్చునేవాణ్ణి. పార్చ్ ఊరుకోలేదు, ఆ మెట్టు చేసుకున్నాడు.

1941లో ఆయన చేసిన 'బార్‌స్టో' వినమని చెబుతాను. మొహావీ ఎడారిలో బార్‌స్టో అనే ఊరి దగ్గర, లిఫ్టు కోసం ఎదురుచూసి విసిగిపోయిన దారిన పోయేవాళ్ళు రోడ్డు పక్క రెయిలింగ్ మీద గీకిన ఎనిమిది రాతలు, అంతే దాని సాహిత్యం. వాళ్ళు ఎలా మాట్లాడతారో అలాగే స్వరం కట్టాడు. మొదటిసారి నవ్వొస్తుంది. రెండోసారి రాదు.

ఆర్యా, ఇది ఒక స్థాయిలో 22 శ్రుతులు ఉన్నాయనే మన సిద్ధాంతానికి నకలు అని నా అనుమానం. మన దగ్గర్నించి తీసుకుని ఎందుకు చెప్పలేదు? పైగా 43 అనేది సమాన విభజనా?
— విశ్రాంత లెక్కల ఉపాధ్యాయుడు, నిజామాబాద్

రెండో ప్రశ్న తేలిక, ముందు అది. సమానం కానే కాదు. స్థాయిని 1200 చిన్న భాగాలు, అంటే సెంట్లు, అనుకుంటే ఆయన మెట్లలో అతి చిన్నది 14 సెంట్లు, పెద్దది 39. అన్నీ భిన్నాలే, 12/11 పక్కన 11/10, దాని పక్కన 10/9, అలా. మీరు కాగితం మీద వేసి చూస్తే మీకే సరదాగా ఉంటుంది.

నకలు అన్న మాట మాత్రం ఒప్పుకోనండి. వాట్సాప్‌లో ప్రతిదీ మనదగ్గర్నించే పోయిందని వస్తూంటుంది, అందులో ఇదీ ఒకటి కావచ్చు. ఈయన దారి గ్రీకుల భిన్నాల నుంచీ హెల్మ్‌హోల్ట్జ్ నుంచీ వచ్చింది. 1934లో కార్నెగీ సంస్థ ఇచ్చిన 1500 డాలర్లతో లండన్ వెళ్ళి బ్రిటిష్ మ్యూజియంలో చదువుకున్నాడు, గ్రీకు సంగీతం మీద పనిచేసిన క్యాథ్లీన్ ష్లెసింజర్ దగ్గర పాతకాలపు కిథారా (గ్రీకుల తీగల వాద్యం) నమూనా చూసి, ఆ తర్వాత తనదైన కిథారా కట్టుకున్నాడు. ఆ ప్రయాణంలోనే డబ్లిన్ వెళ్ళి కవి యేట్స్‌ని కలిశాడు, ఆయన అనువదించిన 'ఈడిపస్' నాటకానికి సంగీతం కడతానని. కట్టడానికి పద్దెనిమిదేళ్ళు పట్టింది, 1952లో ప్రదర్శన అయ్యింది. తీరా రికార్డు వేసుకుందామంటే అప్పటికి యేట్స్ లేడు, హక్కులు దొరకలేదు. చివరికి మాటలన్నీ మార్చి మళ్ళీ చేసుకోవాల్సొచ్చింది.

మన శ్రుతుల వ్యవహారం వేరు. మన గాయకుడు స్వరం మీద నిలబడడు, దాని చుట్టూ తిరుగుతాడు. తోడి రాగంలో గాంధారం ఎన్ని సెంట్లు అని అడిగితే ఏం చెబుతాం, అది ఒక చోట ఉంటేగా? పార్చ్ తంత్రీ వాద్యాల మీదా గొంతులోనూ జారుళ్ళు ఉన్నాయి గానీ, చెక్కతో గాజుతో చేసినవన్నీ కొడితే ఒకే చోట మోగేవే. నాకు ఆయనలో వెలితిగా అనిపించేది ఇదే. సందుల్లో కూడా మెట్లు వేశాడు, బాగుంది, అయినా మెట్టు మెట్టే కదా.

మా అబ్బాయి ఇంజినీరింగ్ చదివి, ఉద్యోగం మానేసి ప్లాస్టిక్ పైపులతో, గిన్నెలతో వాయిద్యాలు చేస్తానంటున్నాడు. నాకేమో టెన్షన్. మీరు ఇలాంటివాళ్ళ గురించి రాసి వాణ్ణి ఇంకా ఎగదోయకండి.
— ఒక తల్లి, హైదరాబాద్

అమ్మా, అయితే ఈ జవాబు మీ అబ్బాయికి చదివి వినిపించండి, ఎగదోసినట్టు ఉండదు.

లండన్ నుంచి 1935లో తిరిగొచ్చేసరికి అమెరికాలో మాంద్యం. దొరికిన గూడ్సు బండి ఎక్కి, పని దొరికిన చోట చేసి, నిరుద్యోగుల శిబిరాల్లో పడుకుంటూ సుమారు ఎనిమిది నెలలు తిరిగాడు. జీవితంలో ప్రూఫులు దిద్దాడు, పియానో పాఠాలు చెప్పాడు. గుగ్గెన్‌హైమ్ ఫెలోషిప్పులు వచ్చాయి, 1944 నుంచి మూడేళ్ళు విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో నీడ దొరికింది, తన సిద్ధాంతమంతా చెప్పిన పుస్తకం 1949లో వాళ్ళ ముద్రణాలయమే వేసింది. కానీ పక్కా ఉద్యోగం ఏ సంగీత శాఖా ఇవ్వలేదు. 1950లలో రికార్డులు తనే వేసుకుని పోస్టులో అమ్ముకున్నాడు. గదుల నిండా వాయిద్యాలు, ఇల్లు మారినప్పుడల్లా వాటిని మోయడం. నేనైతే భార్యా పిల్లలతో ఆ బతుకు బతకలేకపోయేవాణ్ణి, నిజం చెప్పాలంటే.

గిన్నెల సంగతికొస్తే, జలతరంగం మన ఇళ్ళల్లో ఉన్నదే కదా, వాడు మరీ వింత పనేం చేయడం లేదు. పార్చ్ బర్కిలీలో అణు పరిశోధన చేసే ల్యాబు నుంచి పెద్ద పెద్ద గాజు జాడీలు తెచ్చుకుని, వాటిని కోసి, చట్రానికి వేలాడదీసి గంటల్లా మోగించాడు. ఒకటి పగిలిందంటే అదే స్వరం ఇచ్చే ఇంకో జాడీ దొరకడం దుర్లభం. ఫిరంగి గుళ్ళ ఇత్తడి తొడుగులు, సారా సీసాలు, కార్ల చక్రాల మూతలు, లోపలి తీగలు తీసేసిన కరెంటు బల్బులు, అన్నీ వాయించాడు. ఒక భారీ మరింబా (చెక్క పలకల్ని కొట్టి వాయించేది) అయితే దాని అడుగు పలక 22 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది, అంటే చెవికంటే ముందు పొట్టకి తెలుస్తుంది. మీ అబ్బాయి ఉద్యోగం చేస్తూ శని ఆదివారాలు పైపులు కోసుకోవచ్చు. రెండేళ్ళ తర్వాత కూడా కోస్తుంటే అప్పుడు మళ్ళీ నాకు రాయండి. మీ గిన్నెలు మాత్రం ఇవ్వకండి.

నేను సియాటెల్‌లో ఉంటాను. ఆయన వాయిద్యాలు ఇక్కడికే వచ్చాయని విన్నాను, నిజమేనా?
— ఒక పాఠకురాలు

నిజమేనండి. ఆయన 1974లో పోయాక అవి చేతులు మారుతూ న్యూజెర్సీలోని మాంట్‌క్లెయిర్ విశ్వవిద్యాలయంలో చాలాకాలం ఉండి, 2014లో మీ ఊరి వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి చేరాయి. చూడటానికి వెళ్ళే ముందు ఫోన్ చేసి కనుక్కోండి. ఈ సంగీతానికి ఉన్న తిప్పలు అదే, ఆ వాయిద్యాలు ఉన్న చోటే అది ఉంటుంది. జర్మనీలో కొలోన్‌కి చెందిన ఒక బృందం మాత్రం మొత్తం సెట్టుకి నకళ్ళు చేయించుకుని 2013లో ఆయన పెద్ద నాటకాన్ని ఆడింది. మీరు చూస్తే ఎలా ఉన్నాయో నాలుగు లైన్లు రాసి పంపండి, వేస్తాను.

మాస్టారూ, హార్మోనియానికి 43 స్వరాలు ఎలా పెట్టాడు? మా ఇంట్లో తాతగారి పెట్టె ఉంది, నేను ప్రయత్నించవచ్చా?
— ఒక పాఠకుడు, రాజమండ్రి

కాళ్ళతో తొక్కే రకం తీసుకుని రీడ్లన్నీ (లోపల మోగే ఇత్తడి రేకులు) మార్చి శ్రుతి చేశాడు, క్రోమెలోడియన్ అని పేరు పెట్టాడు. మెట్ల మీద రంగు చీటీలు, భిన్నాలు రాసి అంటించుకున్నాడు, ఎందుకంటే చూపుకి మామూలు మెట్లే, నొక్కితే వేరే నాదం. మూడున్నర స్థాయిల మన హార్మోనియంలో 42 మెట్లే ఉంటాయి. అంటే మీ తాతగారి పెట్టె మొత్తం వాడినా పార్చ్ గారి ఒక్క స్థాయి పూర్తవ్వదు, ఒక మెట్టు తక్కువ పడుతుంది.

రీడు కొస దగ్గర సన్నగా గీకితే శ్రుతి పెరుగుతుంది, మొదలు దగ్గర గీకితే తగ్గుతుంది. పని అంతే, కానీ తీసిన ఇత్తడి మళ్ళీ రాదు. తాతగారి పెట్టె జోలికి పోకండి, విడి రీడ్లు కొనుక్కుని వాటి మీద చెయ్యి తిప్పుకోండి. నేను కుర్రతనంలో, నాటకం రోజు మధ్యాహ్నం, ఒక గాంధారం కాస్త హెచ్చుగా ఉందని మా సమాజం పెట్టె విప్పి, రెండు గీతలు గీకాల్సిన చోట ఆరు గీకాను. ఆ రాత్రి కృష్ణుడు పద్యం ఎత్తుకున్న ప్రతిసారీ ఆ ఒక్క మెట్టు దాటేస్తూ వాయించాను. తెర పడ్డాక ఆయన కిరీటం తీసి పక్కన పెట్టి, "ఏరా, ఇవాళ నీ పెట్టెలో గాంధారం సెలవు పెట్టిందా?" అన్నాడు.